డాక్టర్ జహీర్ సాహెబ్ దగ్గు దర్బారు

కిషన్‌బాగ్‌లో మా ఇంటిని ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక పెద్దాయన ఉంటారు. రోజూ తెల్లవారగానే పెరట్లో నిలబడి గొంతు సవరించుకుంటారు. సవరించుకోవడం అని మర్యాదకు అంటున్నాను గాని, అది మూడిళ్ళ అవతలికి వినపడే దగ్గు. పొట్టలో ఎక్కడో మొదలై, ఛాతీలో కాసేపు మకాం వేసి, ఆ తరువాత తీరిగ్గా బయటికి వస్తుంది. మా కోడలు చెవులు మూసుకుంటుంది. మనవడు ఒకసారి పరీక్షల రోజుల్లో ఆయన మీద ఫిర్యాదు రాస్తానని కాగితం కూడా తీశాడు. నేను మాత్రం చాయ్ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా, ఆ దగ్గు పూర్తయ్యేదాకా వింటాను. చివర్లో కఫం తెగిన చప్పుడు వినపడితే నాకు ప్రాణం లేచివస్తుంది. ముసలితనంలో ఈమెకు ఇదేం రుచి అని ఇంట్లో అనుకుంటున్నారు. వాళ్ళకు తెలియని సంగతి ఏమిటంటే, నర్సుగా చేరిన కొత్తలో మనుషుల చేత దగ్గించడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగం నేర్పినవారు డాక్టర్ జహీర్ సాహెబ్.

అవి పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. పాతబస్తీలో ఒక ఆసుపత్రి. పేరు చెప్పను, చెబితే ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్ళు మా కాలంలో ఇలా లేదని పోట్లాటకు వస్తారు. మా బాపు నీళ్ళ శాఖలో పైపులు బిగించేవాడు. ఆయన దగ్గర నేర్చిన ఒకే ఒక్క విద్య నాకు ఆసుపత్రిలో అక్కరకు వచ్చింది, అది సానరాయి మీద ఇనుము నూరడం. అప్పట్లో ఇంజక్షన్ సూదిని ఒకసారి వాడి పారేసేవాళ్ళం కాదు. ఉడకబెట్టి, మొన అరిగితే నూనె రాయి మీద నూరి, మళ్ళీ వాడేవాళ్ళం. నూరిన మొనను దూది మీద లాగి చూడాలి. ఒక్క పోగు పట్టుకున్నా ఆ సూది పనికిరాదు. ఒక పొద్దున మత్తు ఇచ్చే డాక్టరు గారు ట్రేలోంచి ఒక సూది తీసి, తన బొటనవేలికే పొడుచుకుని, నిలబడిపోయారు.

"గీ సూదులు ఎవలు నూరిండ్రు?" అన్నారు.

నేనే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మిగతావాళ్ళు అందరూ ఒకేసారి నావైపు చూశారు గనుక చెప్పవలసిన పని కూడా లేకపోయింది. పొడిస్తే పొడిచినట్టే తెలియలేదని, రేపటి నుంచి తన దగ్గర పనిచేయమని చెప్పి ఆయన వెళ్ళిపోయారు. అలా ఆయన కంట్లో పడ్డాను.

జహీర్ సాహెబ్ పొడుగ్గా, సన్నగా ఉండేవారు. షేర్వానీ గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకునేవారు. తండ్రి నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా కచేరీలో పనిచేయడం వల్ల ఆయన తెలుగు అచ్చం అక్కడి తెలుగు. పదేళ్ళ వయసులో చదువు కోసం నగరంలో మేనమామ ఇంటికి వచ్చారట. ఆయనకు ఒకే పిచ్చి ఉండేది, పక్కటెముకలు. వరండాలో బక్కమనిషి చొక్కా లేకుండా ఎదురైతే ఆయన కళ్ళు ముందు ఆ మనిషి ముఖం మీదికి పోయేవి కావు. లెక్కపెట్టడం అయ్యాకే పలకరించేవారు.

ఆ పిచ్చికి కారణం ఉంది. ఛాతీ కోసి ఆపరేషన్ చేసినవాడికి ఊపిరి పీలిస్తే నొప్పి, కదిలితే నొప్పి, దగ్గితే ప్రాణం పోయినంత నొప్పి. అందుకని వాడు దగ్గడు. దగ్గకపోతే కఫం లోపలే పేరుకుంటుంది, జ్వరం వస్తుంది, ఆపరేషన్ బాగా జరిగినా మనిషి దక్కడు. నొప్పికని మార్ఫియా ఎక్కువ ఇస్తే నొప్పితో పాటు దగ్గు కూడా నిద్రపోతుంది. ప్రతి పక్కటెముక కింది అంచున ఒక నరం పోతుంది. ఆ నరం పక్కన కొంచెం మందు పెడితే, మనిషి మెలకువగానే ఉంటాడు, ఆ ఎముక మేరకు నొప్పి మాత్రం ఉండదు. కోసిన చోట నాలుగు ఎముకలుంటే నాలుగు సూదులు, అంతే. అయితే ఆ మందు పనిచేసేది ఒక గంట. యుద్ధం వల్ల మందు దొరకడం కష్టం, కాబట్టి రోజుకు ఒకసారే. ఆ గంటలో రోగి చేత లోపలి కఫమంతా దగ్గించి బయటికి తెప్పించాలి. ఈ గంటకే వార్డులో దగ్గు దర్బారు అని పేరు. పొద్దున తొమ్మిదింటికి డాక్టర్ సాహెబ్ జేబు గడియారం తీసి స్టూలు మీద పెట్టగానే దర్బారు మొదలయ్యేది.

మందు సరిగ్గా నరం పక్కకే పోతోందా అని చూసుకోవడానికి ఆయన కసాయి దుకాణంలో మేక పక్కటెముకల భాగం ఒకటి ముందు పెట్టుకుని, మందుకు బదులు నీలిరంగు నీళ్ళు ఎక్కించి అభ్యాసం చేశారు. మాంసమంతా నీలంగా మారిపోయింది. ఇక అది ఎవరు కొంటారని కసాయి లొల్లి పెడితే తనే ఇంటికి తీసుకుపోయారు. బేగం సాహెబా ఆ రోజు వంటింటి తలుపు గడియ పెట్టుకుని, ఇది వండాలంటే తనకు తలాక్ ఇచ్చి రంగులవాడి కూతురిని చేసుకోమన్నారట. ఇది ఆయనే చెప్పి, పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఎముకలు లెక్కపెట్టడానికి మా ఇద్దరిదీ ఒక పద్ధతి. వీపు మీద రెక్క ఎముక కొన నుంచి ఆయన కిందికి లెక్కపెడుతూ వచ్చేవారు. అన్నిటికంటే కింద ఉన్న పన్నెండో ఎముక నుంచి నేను పైకి లెక్కపెడుతూ పోయేదాన్ని. మధ్యలో ఇద్దరి వేళ్ళూ ఒకే ఎముక మీద, ఒకే అంకెతో కలుసుకోవాలి. కలిస్తే ఊదారంగు మందుతో నేను చుక్కలు పెట్టేదాన్ని. కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. పన్నెండో ఎముకతో ఒక చిక్కుంది. కొందరిలో అది మరీ చిన్నది, వేలికి తగలదు. తగలకపోతే పదకొండోదాన్ని పన్నెండు అనుకుంటాం, అక్కడి నుంచి లెక్కంతా ఒక ఎముక పైకి జరిగిపోతుంది.

ఇక హమీద్ ఉస్తాద్ సంగతికి వస్తాను. ఆయన ఒక నవాబు గారి దేవిడీ భవనంలో పిల్లలకు తహజీబ్, అంటే మర్యాదలు నేర్పే ఉస్తాద్. పెద్దల ముందు ఎలా నడవాలి, ఎంత వంగాలి, సలాం చేసేటప్పుడు చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఇవన్నీ ఆయన నలభై ఏళ్ళు నేర్పారు. మా డాక్టర్ సాహెబ్ మేనమామ ఆ దేవిడీలోనే కొలువు చేసేవారు గనుక, నల్లగొండ నుంచి వచ్చిన పదేళ్ళ పిల్లవాడు కూడా ఉస్తాద్ చేతికిందే మనిషయ్యాడు. ఆ ఉస్తాద్‌కు డెబ్భై ఏళ్ళ వయసులో ఛాతీలో చీము పట్టింది. కుడివైపు ఎముక ముక్క తీసి, చీము పోవడానికి గొట్టం పెట్టారు. మంచం మీదికి తెచ్చిన రోజే, ఇంకా సగం మత్తులో, పక్క మంచం మీది టాంగావాలాకు సలాంలో వేళ్ళు విడిపోకూడదని, చెయ్యి నుదుటిని తాకాలని నేర్పడం మొదలుపెట్టారు.

మరుసటి పొద్దున దర్బారుకు కుర్తా తీయాలన్నాం. ఉస్తాద్ ఒప్పుకోలేదు. కూతురి వయసు పిల్ల ముందు ఒళ్ళు చూపించడం ఎట్లా అని ఎంతో మృదువుగా అడిగారు. గంటసేపు రాయబారాలు నడిచాక మధ్యేమార్గం దొరికింది. కుర్తా వెనక జేబురుమాలంత కిటికీ కత్తిరించాలి. కత్తిరించాం. అంచులు పోగులు లేస్తున్నాయని ఆయన బాధపడితే, దర్జీని పిలిపించి కుట్టించాం కూడా. ఆ కిటికీలోంచి కట్టు, దాని చుట్టూ నాలుగు ఎముకలు కనపడుతున్నాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టే రెండు చివరలూ మాత్రం గుడ్డ కిందే ఉన్నాయి.

నేను గుడ్డ మీదనుంచే నడుము దగ్గర తడిమాను. ఒకసారి ఏదో తగిలినట్టనిపించింది, ఇంకోసారి లేదు. పైనుంచి లెక్కపెట్టాల్సిన డాక్టర్ సాహెబ్ చెయ్యి ఉస్తాద్ భుజం దాకా పోయి గాలిలో ఆగిపోయింది. గురువు వెనక నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేయడం ఆ తహజీబ్‌లో మహాపరాధం. చెయ్యి వెనక్కి తీసుకుని నావైపు చూశారు.

"సరిగ్గనే ఉంది గద బేటీ?"

"జీ సాహెబ్," అన్నాను.

అంత పెద్ద డాక్టరు, అంత పెద్ద ఉస్తాద్, పక్కన ఇద్దరు సీనియర్ నర్సులు. దొరకలేదు అని అంతమంది ముందు అనడానికి నా నాలుక తిరగలేదు. చుక్కలు పెట్టాను, సూదులు పడ్డాయి. నొప్పి లేదు గదా అని డాక్టర్ సాహెబ్ అడిగితే, మీ చేతి చలవ, హాయిగా ఉంది అన్నారు ఉస్తాద్. తరువాత రుమాలు అడ్డం పెట్టుకుని, పిల్లి తుమ్మినట్టు ఒక్కసారి దగ్గారు. సంతోషమేనా అన్నట్టు మావైపు చూశారు.

మూడు రోజులు ఇదే తంతు. అవే చుక్కలు, అవే సూదులు, అదే చలవ, అదే పిల్లి తుమ్ము. ఆసుపత్రి గిన్నెలో ఉమ్మడం మర్యాద కాదంటే ఇంటి నుంచి ఆయన ఉగాల్‌దాన్, ఉమ్మి వేసుకునే మూత ఉన్న ఇత్తడి పాత్ర, తెప్పించాం. అది తళతళలాడుతూ ఖాళీగానే ఉంది. జ్వరం మాత్రం రోజురోజుకూ పెరిగింది. మూడో రోజు సర్జన్ గారు వీపు మీద వేళ్ళతో తట్టి చూసి పెదవి విరిచారు. వరండాలో డాక్టర్ సాహెబ్ నాతో, కఫం రాకుంటే ఉస్తాద్ ఈ వారం దాటడని, మందు ఎందుకు పనిచేస్తలేదో తనకు అర్థమైతలేదని అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను అదే మొదటిసారి చూడడం. ఎందుకు పనిచేయడం లేదో నాకు అనుమానం ఉంది. గొంతు దాకా వచ్చింది, మింగేశాను. ఆ మూడు రోజుల నా పిరికితనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో రోజు పొద్దున ఉస్తాద్‌ను చూడడానికి పాత శిష్యుడొకాయన వచ్చి వంగి సలాం చేశాడు. జవాబుగా ఉస్తాద్ చెయ్యి లేచింది. ఛాతీ దాకా వచ్చి, అక్కడే ఆగి, దిగిపోయింది. శిష్యుడు గమనించలేదు. నేను గమనించాను. నుదుటిని తాకని సలాం సలామే కాదని టాంగావాలాకు పాఠం చెప్పిన మనిషి చేతికి నుదురు అందలేదు. నొప్పి లేదని నోటితో ఎన్నిసార్లయినా అంటారు గాని, అంత నొప్పి ఉంటే తప్ప ఆ చెయ్యి ఆగదు. అంతలో డాక్టర్ సాహెబ్ వచ్చి గడియారం స్టూలు మీద పెట్టి, సిరంజి చేతిలోకి తీసుకున్నారు.

"సాహెబ్, ఆగుండ్రి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఆ రోజు నాకు పన్నెండో ఎముక దొరకలే. దొరికిందని అబద్ధం చెప్పిన. చుక్కలన్నీ ఒకటి పైకి పడ్డట్టున్నయి. గొట్టమున్న కాడ మందు పడుతనే లేదు."

సీనియర్ నర్సు ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, బాపుకు ఏం చెప్పాలా అని కూడా అనుకున్నాను. డాక్టర్ సాహెబ్ నోరు తెరిచేలోగా ఉస్తాద్ మాట్లాడారు.

"జహీర్ మియా, బచ్చీకో కుచ్ న కహో. తప్పు నా కుర్తాది. దర్ద్ హై. పహలే దిన్ సే హై."

పిల్లను ఏమీ అనొద్దని, మొదటి రోజు నుంచీ నొప్పి ఉందని. డెబ్భై ఏళ్ళలో తనకు బాధగా ఉందని నలుగురిలో ఒప్పుకోవడం ఆయనకు అదే మొదటిసారి అయి ఉంటుంది. నన్ను కాపాడడానికి ఒప్పుకున్నారు. అంతటితో ఆగకుండా, గోడవైపు తిరిగి, ఎడమచేత్తో తనే కుర్తా గుండీలు విప్పసాగారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లెక్కపెట్టాను. డాక్టర్ సాహెబ్ బిస్మిల్లా అనుకుని, గురువు భుజం మీద చెయ్యి వేసి, పైనుంచి లెక్కపెడుతూ వచ్చారు. మా వేళ్ళు కలుసుకున్న చోటు పాత చుక్కకు ఒక ఎముక కింద ఉంది.

ఈసారి మందు పడిన కాసేపటికి ఉస్తాద్ చెయ్యి మెల్లగా లేపి, నుదుటికి ఆనించుకుని, ఆశ్చర్యంగా అక్కడే ఉంచుకున్నారు. ఇక దగ్గాలి. ఆయన దగ్గనంటారు. ఆడపిల్ల ముందు, శిష్యుడి ముందు గొంతు చించుకోవడం ఎట్లా అంటారు. మళ్ళీ అదే పిల్లి తుమ్ము. గడియారంలో పావుగంట అయిపోయింది. డాక్టర్ సాహెబ్ షేర్వానీ సర్దుకుని, మంచం ఎదుట నిలబడి, వంగి ఆదాబ్ చేసి, పాతబస్తీ గోడలు అదిరేలా దగ్గారు.

"ఉస్తాద్, నాదైంది," అన్నారు. "అవతలోడు ఎంత మర్యాద చేస్తే అంతకంటె ఎక్కువ తిరిగి చెయ్యాలని మీరే చెప్పిండ్రు. తక్కువ చేస్తే అవమానించినట్టే అన్నరు."

ఉస్తాద్ తాను నేర్పిన పాఠంలో తానే ఇరుక్కున్నారు. చివరికి రుమాలు పక్కన పెట్టి దగ్గారు. అది మనిషి దగ్గే. డాక్టర్ సాహెబ్ ఇంకా గట్టిగా దగ్గారు, ఉస్తాద్ దానికి మించి దగ్గారు. అప్పుడు డాక్టర్ సాహెబ్ నాకు సైగ చేశారు. మగవాళ్ళ ముందు తుమ్మినా మా అమ్మ గిల్లేది. అయినా కళ్ళు మూసుకుని దగ్గాను. స్త్రీ చేసిన మర్యాదకు జవాబు రెట్టింపు ఉండాలట. రెట్టింపే ఇచ్చారు. అది చూసి చాంద్రాయణగుట్ట టాంగావాలా తన వంతు దగ్గాడు, ఆ పక్కన గుడిమల్కాపూర్ కూరగాయల రైతు దగ్గాడు. ఎవరి మర్యాదనూ ఉస్తాద్ బాకీ ఉంచలేదు. ఏంది ఈ లొల్లి అంటూ సర్జన్ గారు తలుపు దగ్గరికి వచ్చేసరికి, ఉస్తాద్ లోపల నాలుగు రోజులుగా గడ్డకట్టినదంతా తెగి ఉగాల్‌దాన్‌లో పడింది. డాక్టర్ సాహెబ్ మూత తీసి, పెళ్ళివారు నగలు చూసినంత మురిపెంగా చూసుకున్నారు.

జ్వరం రెండు రోజుల్లో దిగింది. మూడు వారాల తరువాత ఉస్తాద్ నడిచి ఇంటికి వెళ్ళారు. వెళ్ళే ముందు డాక్టర్ సాహెబ్‌ను దగ్గరికి పిలిచి, దగ్గు బాగానే ఉంది గాని దగ్గేటప్పుడు మోచెయ్యి పక్కకు పోతోంది, సరిచేసుకో అని చెప్పారు.

నన్ను మాత్రం డాక్టర్ సాహెబ్ ఆ కఫం తెగిన రోజే వరండాలోకి పిలిచారు. తిట్లకు సిద్ధపడి వెళ్ళాను. ఆయన గోడకు ఆనుకుని, తప్పు నీదొక్కదానిదే కాదు అన్నారు. తన లెక్క తను మానేసి, సరిగ్గనే ఉంది గద అని నన్నడిగారట, నొప్పి లేదు గద అని ఉస్తాద్‌ను అడిగారట. అట్ల అడిగితే ఎవరైనా ఏం చెప్తరు అన్నారు. "నువ్వు నాకు భయపడ్డవు. నేను ఆయనకు భయపడ్డ. ముసలాయన మనిద్దరి మధ్యల సచ్చిపోతుండె," అన్నారు.

ఆ తరువాత ఆయన కొత్త ఆట మొదలుపెట్టారు. వారానికి ఒకసారి కావాలనే లెక్క తప్పు చెప్పేవారు. తొమ్మిదిని పది అనేవారు. ఎవరూ అడ్డం చెప్పకుండా జీ సాహెబ్ అంటే, సిరంజి ట్రేలో పెట్టేసి, చాయ్ తాగడానికి వెళ్ళిపోయేవారు. మేం తప్పు కనుక్కుని ఆయన వెంట పరుగెత్తాలి. ఆరు నెలల్లో మా వార్డు నర్సులు ఎంత రాటుదేలారంటే, ఆయన ఇవాళ ఎండ బాగుంది అన్నా ఒకరు కిటికీలోంచి తొంగిచూసి వచ్చేవారు. పెద్ద డాక్టర్లు మమ్మల్ని నోటిదురుసు మంద అనేవారు. ఆయన ఆ మాట విని గర్వపడేవారు. ఆయనంటే నాకు భక్తి అని చెబితే ఆయనకే నచ్చదు, అందుకని ప్రేమ అనే చెబుతాను.

ఆయన పోయాక చాలా ఏళ్ళకు నేను ఇంకో ఆసుపత్రిలో ఛాతీ వార్డుకు పెద్ద సిస్టర్‌నయ్యాను. ఒక పొద్దున లెక్కపెట్టి చుక్కలు పెట్టాను. కుర్ర డాక్టరు సూది ఎత్తాడు. నెల కిందట చేరిన యాదమ్మ అనే పిల్ల, సిస్టర్ మీరు తప్పు లెక్కపెట్టిండ్రు అంది. స్పష్టంగానే అంది. అందరూ నన్నే చూశారు. అన్నేళ్ళ అనుభవం, ఈ నిన్నటి పిల్లా నాకు చెప్పేది అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. జహీర్ సాహెబ్ నవ్వుతూ మా చేత ఆడించిన ఆట ఎంత చేదో ఆ రోజు నాకు తెలిసింది. సూది ఆపించాను. ఆమెను పైనుంచి లెక్కపెట్టమని చెప్పి, నేను కిందనుంచి లెక్కపెట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంకా ఎంతసేపమ్మా అని రోగి విసుక్కున్నాడు.

నా లెక్కే సరైనది. యాదమ్మ ముఖం పాలిపోయింది. పని అయ్యాక గది బయట నిలబడి, తప్పయింది సిస్టర్, ఇంకోసారి అనను అని ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అనుమానమొచ్చింది, చెప్పినవు," అన్నాను. "రేపొస్తే రేపు గూడ చెప్పు."